ముగ్గు గీతకు ఇవతల

మా అత్త దేవవ్వ ముగ్గు బాగా వేస్తుంది. మా వాడలో ఎవరిని అడిగినా ఆ మాట ఒప్పుకుంటారు. నన్నడిగితే మాత్రం ఒక గీత ఎక్కువ వేస్తుందని చెబుతాను. పొద్దున్నే గడప ముందు ముగ్గు అయిపోయాక, చేతిలో మిగిలిన పిండితో వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఒక గీత లాగుతుంది. గీతకు అవతల ఇల్లు, వంటగది, కుళాయి, నాలుగేళ్ళ నా బిడ్డ రచన. ఇవతల నూలు గది, అందులో నేను.

గది తలుపుకు బయట గొళ్ళెం ఉంది. దాన్ని ఎవరూ పెట్టలేదు. ఆ పిండి గీతే సరిపోయింది.

మాది సిరిసిల్ల. ఇంటికి ఎదురుగా, వాకిలికి అటు పక్కన మా కార్ఖానా. అందులో నాలుగు సాంచాలు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. కార్ఖానాకు ఒక చివర నూలు దాచుకునే గది. దానికి కిటికీ లేదు, పైన రేకులు. మార్చి ఆఖరులో నన్ను అందులోకి పంపారు. ఏప్రిల్ దాటి మే వచ్చేసరికి, మధ్యాహ్నం పూట ఆ రేకుల కింద ఊపిరి తీయడం కూడా ఒక పని అయిపోయింది.

కార్ఖానాకైతే ఆరు కిటికీలున్నాయి. ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. గాలి తగిలితే నూలు ఎండిపోతుంది, ఎండిన పోగు తెగుతుంది, పోగు తెగితే సాంచా ఆపి ముడి వేయాలి. అందుకని మా మామ లక్ష్మీరాజం ఆరింటికీ అడ్డంగా పలకలు పెట్టి మొలలు కొట్టేశాడు. నేను కాపురానికి రాకముందే, ఎనిమిదేళ్ళ కిందట ఆయన దగ్గి దగ్గి చనిపోయాడు. మొలలు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి.

ఆయనకు వచ్చింది దుమ్ము దగ్గు అని నాకు చెప్పారు. మా ఇంట్లో దగ్గులన్నిటికీ అదే పేరు. నేను పొద్దంతా కార్ఖానాలో కూర్చుని కండెలకు నూలు చుట్టేదాన్ని. నాదీ దుమ్ము దగ్గే. నా పక్కన కూర్చుని నూలు విడదీసే అత్తదీ దుమ్ము దగ్గే. సాంచాలు నడిపే నా భర్త శ్రీహరి ఒక్కడే దగ్గేవాడు కాదు. ఎందుకు దగ్గడో ఎవరూ ఆలోచించలేదు, అదే దుమ్ము ఆయన కూడా తింటున్నా.

మార్చిలో ఆశా కార్యకర్త మమతారాణి ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది. మా వాడ మనిషే, నేను అక్కా అని పిలుస్తాను. రెండు వారాలకు మించి దగ్గేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. మేమిద్దరం ఆమె ముందే దగ్గుతుంటే ఇంక లేరని ఎలా చెబుతాం. సంచిలోంచి రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తీసి, మూతల మీద మా పేర్లు రాసి ఇచ్చింది.

“పొద్దుగాల లేవంగనే, ఏం తినక ముందు, బయటికొచ్చి గట్టిగ దగ్గి తెమడ తియ్యాలె. ఉత్త ఉమ్మి కాదు. లోపలికెల్లి రావాలె” అంది.

ఇద్దరం అలాగే చేశాం. రెండు రోజులకు రెండు కాగితాలు వచ్చాయి. దేవవ్వకు ఏమీ లేదు. పద్మలతకు, అంటే నాకు, టీబీ.

ఆ కాగితం చదివినప్పుడు మమతారాణి చాలా మాటలు చెప్పింది. ఇది కంచాలతోటి, చెంబులతోటి వచ్చేది కాదు, దగ్గితే గాలిలోకి పోయి ఆ గాలి పీల్చినవాళ్ళకు వచ్చేది అంది. కిటికీలు తీయమంది. రెండు వారాలు గోళీలు సరిగ్గా మింగితే ఇంకొకరికి అంటించే గుణం చాలా వరకు పోతుంది, కానీ మందులు ఆరు నెలలూ ఆపొద్దు అంది. ఛాతీ ఫొటో తీయించాలి, పిల్లను కూడా చూపించాలి, ముందు జాగ్రత్తకు దానికీ గోళీలు ఇస్తారు అంది. మా అత్త అన్నిటికీ తలూపి, ఆమెకు మజ్జిగ ఇచ్చి సాగనంపింది. గేటు పడగానే నా కంచం, నా చెంబు, నా చాప నూలు గదిలోకి వచ్చాయి.

“నేను ఆడికి ఎందుకు పోవాలె అత్తమ్మా, పదిహేను రోజులు జర దూరముంటె సాలన్నది గద” అన్నాను.

“ఆళ్ళకేం తెల్సు. రేపు పిల్లకంటుకుంటే ఆమె వస్తదా. బిడ్డ నాకాడ పండుకుంటది, నువ్వు ఫికర్ చెయ్యకు” అంది.

శ్రీహరి నేల చూపులు చూశాడు. “వాడల తెల్వకుంట ఉంటె మంచిది లత. దవఖానకు అందరం ఆటోల కట్టుకోని పోతె ఊరంత అడుగుతరు. మెల్లగ తీస్కపోత” అన్నాడు. ఆయన మెల్లగ అంటే ఏమిటో పెళ్ళయిన ఆరేళ్ళలో నాకు బాగానే తెలిసింది. ఛాతీ ఫొటో లేదు, పిల్లను చూపించడమూ లేదు.

నేనెందుకు ఊరుకున్నానని ఇప్పుడు అడుగుతారు. బిడ్డ కోసం ఊరుకున్నాను. నా ఊపిరి దానికి తగలకూడదు అనుకున్నాను. మనిషిని కట్టేయడానికి తాళ్ళు అక్కర్లేదు, తన పిల్లను చూపించి భయపెడితే చాలు.

రోజూ పొద్దున పరగడుపున గోళీలు. నోరంతా చేదు, కడుపులో తిప్పడం, కీళ్ళ నొప్పులు. మూత్రం నారింజ రంగులో వచ్చేది. మమతారాణి వారానికొకసారి వచ్చి గోళీలు లెక్కచూసి, పిల్లను తీసుకుపోయారా అని శ్రీహరిని అడిగేది. శ్రీహరి పోతాం అక్కా అనేవాడు. ఆమె మీద పాపం ఇంకా రెండు వందల ఇళ్ళ పని ఉంది.

మా అత్త కంచం తెచ్చి గీత మీద పెట్టి, కాలితో ఇవతలికి తోసేది. నాతో మాట్లాడినంతసేపూ కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది. దగ్గు వచ్చినప్పుడు మాత్రం కొంగు తీసి, పక్కకు తిరిగి, ఇంటి వైపు దగ్గేది. పెద్దమనిషి మర్యాద అది, రోగం ఉన్నదాని ముఖం మీద దగ్గకూడదు కదా.

మధ్యాహ్నం సాంచాల టకటక మధ్య రచన వచ్చి గీత దగ్గర నిలబడేది. రెండు కాళ్ళ వేళ్ళూ గీతకు సరిగ్గా ఆనించి, పడిపోతుందేమో అన్నంత ముందుకు వంగేది. ఎంత వంగినా గీత మాత్రం దాటేది కాదు. అంగన్‌వాడీలో గీసిన బొమ్మలు పలక మీద చూపించేది. ఒకసారి ఇల్లు గీసింది. ఇంటి పక్కన ఒక డబ్బా గీసి, అందులో ఒక మనిషిని గీసింది.

“గిది ఎవలు?” అన్నాను.

“నువ్వే” అంది.

నేను లోపలికి పోయి, చాప మీద బోర్లా పడుకుని ఏడ్చాను. బయట అది అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉంది.

పది రోజుల్లోనే నా దగ్గు పోయింది. మందులు పనిచేస్తున్నాయని శ్రీహరి సంతోషపడ్డాడు. నేనూ పడ్డాను. ఆ గదిలో చేయడానికి పనేమీ లేక నేను చెవులతో బతికాను. ఏ సాంచా ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు ముడి వేసి మళ్ళీ నడిపారో గోడ అవతల నుంచే చెప్పగలను. అలాగే అత్త దగ్గు కూడా వినేదాన్ని. అది తగ్గలేదు. ముందు పొడి దగ్గుగా ఉండేది, రాను రాను అడుగు నుంచి లాగుతున్నట్టు వచ్చేది. ఏప్రిల్ ఆఖరుకు మూతికి కొంగు ఎత్తినప్పుడు ఆమె గాజులు మణికట్టు దాటి మోచేతి దాకా జారడం చూశాను. ఎండాకాలం సాయంత్రం, మేమంతా చెమటలు కక్కుతుంటే, ఆమె చద్దరు కప్పుకుని గడపలో కూర్చునేది. ఆ చద్దరులోనే నా బిడ్డ కూడా ఉండేది.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం రచన గీత దగ్గర నిలబడి పాట చెబుతూ మధ్యలో ఆగి దగ్గింది. ఒకసారి, రెండుసార్లు. మళ్ళీ పాట అందుకుంది. నాకు ఆ పాట వినపడలేదు. బిడ్డ నా దగ్గర లేదు, నేను దాన్ని ముట్టుకుని నెల పదిహేను రోజులు దాటింది. మరి ఎవరి ఊపిరి పీలుస్తోంది ఇది?

అప్పుడు గుర్తొచ్చింది. మా అత్తకు శుభ్రం పిచ్చి. బయటి నుంచి వచ్చిన గిన్నె గానీ, డబ్బా గానీ, ఆఖరికి పాల ప్యాకెట్ గానీ కుళాయి కింద కడగకుండా ఇంట్లోకి రానివ్వదు. మమతారాణి ఇచ్చిన డబ్బాలు కూడా మూతలు తీసి, కడిగి, ప్రహరీ గోడ మీద బోర్లించింది. మర్నాడు పొద్దున ఇద్దరం చెరొక డబ్బాలో తెమడ తీసి మళ్ళీ ఆ గోడ మీదే పెట్టాం. నేను రచనకు స్నానం చేయించడానికి పోయాను. మూతలు పెట్టింది మా అత్త. ఆమెకు చదువు రాదు.

ఆ వారం మమతారాణి వచ్చినప్పుడు గీతకు ఇవతల నుంచే అడిగాను.

“అక్కా, మా పేర్లు నువ్వు ఏడ రాసినవ్? మూతల మీదనే గదా?”

“మూతల మీదనే. ఎందుకు?”

“డబ్బాల మీద ఏం రాయలే?”

నేను చెప్పింది మొత్తం విని ఆమె కుళాయి గట్టు మీద కూలబడింది. కాసేపు సంచి పట్టీ తిప్పుతూ కూర్చుంది. “డబ్బా మీదనే రాయాలె పద్మా. మాకు చెప్పిండ్రు గూడ. ఆ దినం తొందరల... నాదే తప్పు” అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. తప్పు నాది అని ఆ ఇంటి వాకిట్లో ఒకరు అనగా నేను వినడం అదే మొదటిసారి.

“మల్లా తెమడ ఇస్తె తెలుస్తది. నీకిప్పుడు దగ్గు లేదు, రాదు. ఆమెది ఇయ్యాలె” అంటూ ఆమె అత్త దగ్గరికి పోయింది. మా అత్త మాట పూర్తిగా విననే లేదు. లోపలికి పోయి, మార్కండేయ స్వామి ఫొటో వెనక దాచిన కాగితం తెచ్చి మమతారాణి ముఖం ముందు పట్టింది.

“నీ సర్కారోల్లే రాసిచ్చిండ్రు, నాకేం లేదని. మల్లెందుకు ఉమ్మాలె. కోడలు నేర్పిందా?”

సాయంత్రం శ్రీహరి గీత దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ లేనిది కోపంగా ఉన్నాడు.

“నీకొచ్చిన రోగం మా అవ్వ మీద ఏస్తవా లత?”

“ఏస్తలేను. చూపించమంటున్న. ఆమె చేతులు చూసినవా? పొద్దూకితే చలి పెడుతుంది, చూసినవా?”

“అవ్వకు అరవై ఏండ్లు. ముసలితనం రాదా.”

“బిడ్డ దగ్గుతుంది.”

“ఐస్ తిన్నది” అని ఆయన కార్ఖానాలోకి వెళ్ళిపోయాడు. సాంచా మళ్ళీ మొదలైంది.

ఆ గోడల మధ్య నాలుగు రోజులు తిరిగాను. నిజం నాకు తెలుసు, మమతారాణికి తెలుసు. దానికి ఒక చెంచాడు తెమడ కావాలి, అది మా అత్త గొంతులో ఉంది. ఆ గొంతు పక్కనే నా బిడ్డ రోజూ తల పెట్టుకుని పడుకుంటోంది. అరిస్తే రోగం తలకెక్కింది అంటారు. పుట్టింటికి పోదామంటే బిడ్డను ఇవ్వరు. నేను ఒప్పుకుని కూర్చున్న గీతే నా మెడకు చుట్టుకుంది.

ఆ నాలుగో రోజే నాకు ఇంకొకటి కూడా తట్టింది. నాకు రోగం లేకపోతే సరేసరి. నిజంగా ఉన్నా, రెండు నెలలకు దగ్గరగా మందులు మింగాను. రెండు వారాలు చాలని మమతారాణి మొదటి రోజే చెప్పింది. అంటే నా ఊపిరి ఎప్పుడో బాగుపడింది. నేను బిడ్డను ముట్టుకోవచ్చు. ఇంట్లో ఈ సంగతి నమ్మని వాళ్ళు ఇద్దరే. ఆ నమ్మకపోవడమే నాకు పనికొస్తుందని అప్పుడు అర్థమైంది.

మమతారాణి కొత్త డబ్బా ఒకటి నా దగ్గర పెట్టి పోయింది. ఈసారి డబ్బా ఒంటి మీద పెద్ద అక్షరాలతో దేవవ్వ అని రాసింది. దాన్ని కొంగులో కట్టుకున్నాను. పొద్దుగూకే ముందు మా అత్త గడపలో కూర్చుని రచనకు పాలన్నం పెడుతోంది. నేను గీత దాటాను. దాటినప్పుడు కాలికి పిండి అంటింది, అంతకుమించి ఏమీ కాలేదు. నేరుగా పోయి, ఆమె ఒళ్ళోంచి బిడ్డను ఎత్తుకుని, వాకిలి నడుమ కుళాయి గట్టు మీద కూర్చున్నాను.

“ముట్టుకోకు పద్మా, దాన్ని ముట్టుకోకు” అంటూ అత్త లేచింది.

రచన మొదట బిగుసుకుపోయింది. గీత ఎవరో తప్పుగా దాటారని దానికి భయం. తరువాత నా మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. ఒళ్ళంతా పాల వాసన.

కేకలు విని శ్రీహరి బయటికి వచ్చాడు. “లత, బిడ్డను దించు” అన్నాడు.

“దించ.”

నా వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. అక్కడి నుంచి చేయి చాపితే బిడ్డ అందుతుంది. చాపలేదు. నా మెడలో తాళి కట్టిన మనిషి నాకు చేతి దూరంలో నిలబడి, నా ఊపిరికి భయపడ్డాడు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ చల్లారలేదు, ఆయనకు కూడా తెలుసు.

“మీకు నా రోగమంటే భయం గదా. నేను బిడ్డ మొఖాన ఊపిరి ఇడుస్తనే ఉంట” అన్నాను. కొంగులోంచి డబ్బా తీసి గట్టు మీద పెట్టాను. “అత్తమ్మ గీ డబ్బాల ఉమ్మేదాక దించ. పొద్దూకినా దించ, తెల్లారినా దించ.”

అత్త నన్ను చూసింది, బిడ్డను చూసింది. నోటికొచ్చినట్టు తిడుతుంది అనుకున్నాను. తిట్టలేదు. ఆమెకు మనవరాలంటే ప్రాణం. నేను ఆమె మీద వంద మాటలు అంటాను గానీ, ఆ ఒక్కటీ కాదనను.

“ఉమ్ముత. బిడ్డను దించు” అంది.

“ముందు ఉమ్ము.”

డబ్బా తీసుకుని ప్రహరీ గోడ పక్కకు పోయి వంగింది. గట్టిగా దగ్గాల్సిన పనే రాలేదు, దగ్గు దానంతట అదే వచ్చింది, ఆగలేదు. శ్రీహరి పోయి ఆమె వీపు పట్టుకున్నాడు. డబ్బాకు మూత పెట్టబోతూ లోపలికి చూసి, అలాగే నిలబడిపోయాడు. తెల్లటి తెమడలో ఎర్రటి చార.

“అవ్వా, గిదెప్పటి సంది?” అన్నాడు.

ఆమె కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. నేను బిడ్డను దించలేదు, దాన్ని ఎత్తుకునే ఇంట్లోకి పోయాను.

మర్నాడే అందరం ఒకే ఆటోలో దవఖానకు పోయాం. వాడంతా చూసింది. చూడనీ అన్నాను. డబ్బా మిషన్‌లో పెట్టారు, నలుగురికీ ఛాతీ ఫొటోలు తీశారు. సాయంత్రానికి చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. దేవవ్వకు టీబీ, రెండు ఊపిరితిత్తులకూ పాకింది. పద్మలతకు లేదు, ఫొటో శుభ్రంగా ఉంది, కార్ఖానా దుమ్ముకు వచ్చిన దగ్గు అయి ఉంటుంది, మందులు ఆపేయొచ్చు. శ్రీహరికి లేదు. పాపది మామూలు జలుబు. కానీ ఇన్నాళ్ళు పక్కనే పడుకుంది కనుక, రోగం లేవకుండా ఉండటానికి కొన్ని నెలల పాటు రోజూ గోళీ వేయాలి.

“ఇంట్ల ఇంతకు ముందు ఎవలన్న చాన రోజులు దగ్గిన్రా?” అని అడిగింది.

“మా మామ. దుమ్ము దగ్గు” అన్నాను అలవాటు కొద్దీ.

డాక్టరమ్మ మా అత్త వైపు చూసింది. అత్త తలదించుకుంది. ఈ క్రిమి ఒంట్లో చేరి ఏళ్ళ తరబడి ఊరికే పడుకుని ఉండగలదని, ఒంట్లో బలం తగ్గినప్పుడు లేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. దానికి కావాల్సింది మూసిన గది, దగ్గే మనిషి, పక్కన పీల్చే మనిషి అంది. మా కార్ఖానాను ఆమె చూడలేదు, చూసినట్టే చెప్పింది.

తిరిగి వస్తుంటే ఆటోలో రచన నా ఒళ్ళో కూర్చుంది. అత్త కొత్త మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని, లోపలున్న గోళీల అట్టలను తడిమి చూసింది. అవే గోళీలు, అవే అట్టలు.

“నావి నువ్వు మింగినవా బిడ్డా, గిన్ని రోజులు” అంది.

నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

“మూతలు నేను కావాల్నని మార్చలే. దేవుని మీద ఒట్టు. కని నెల రోజుల సంది నెత్తురు పడుతుంది. తెల్సు నాకు. మీ మామకు గూడ గిట్లనే పడ్డది” అంది. “ఆయనను గా నూలు గదిలనే పెట్టిన. ఆఖరి నెలంత ఆడనే ఉన్నడు. తలుపు కాడ గీత నేనే గీసిన. నీళ్ళు అడిగితె చెంబు కాలుతోటి తోసిన. నన్ను గూడ గట్లనే ఏస్తరని చెప్పలే” అంది.

శ్రీహరి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు, కానీ విన్నాడని ఆయన భుజాలు చూస్తే తెలిసింది. నేను ఏప్రిల్ అంతా పడుకున్న చోటే ఒక మనిషి పోయాడని, నన్ను అక్కడికి పంపినప్పుడు వీళ్ళిద్దరికీ తెలుసు.

ఇంటికి రాగానే ఎవరూ చెప్పకుండానే అత్త తన కంచం, చెంబు, చద్దరు తీసుకుని నూలు గదిలోకి పోయింది. నేను ఆపలేదు. ఇక్కడ అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆపాలని నాకు అనిపించలేదు. ఆమె వంగి లోపలికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను, హాయిగా ఉంది. అన్నం పెట్టి గడప మీద ఉంచి, కాలితో లోపలికి తోశాను. కంచం నేల మీద గీరుకున్న చప్పుడు నాకు బాగా తెలిసినదే. అటు వైపు నుంచి వినడం అదే మొదటిసారి.

ఆ రాత్రి బిడ్డ నా పక్కలో పడుకుంది. పొద్దున లేచి వాకిలి చల్లి నేనే ముగ్గు వేశాను. చేతిలో పిండి మిగిలింది. గీశాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

రచనకు మొదటి గోళీ ఆ పొద్దునే. నీళ్ళలో కలిపి తాగించాను. చేదని ముఖం పెట్టింది, ఏడవలేదు. గ్లాసు నా చేతికి ఇచ్చి, వాకిట్లోకి పోయి, గీతకు కాలివేళ్ళు ఆనించి నిలబడింది. లోపల నానమ్మ దగ్గుతోంది. అది కాసేపు ఆ తలుపు వైపు చూసి నా వైపు తిరిగింది.

“అమ్మా, నన్నెప్పుడు పెడ్తరు గా రూముల?” అంది.

ఏడుస్తూ అడగలేదు. అంగన్‌వాడీకి ఎప్పుడు పోవాలి అని అడిగినట్టు అడిగింది. ముందు ఆటోలో విన్న తాత, తరువాత అమ్మ, ఇప్పుడు నానమ్మ. గోళీ మింగినవాళ్ళు ఆ గదిలోకి పోవాలని దానికి అర్థమైంది, ఇప్పుడు తను మింగింది. మేం ముగ్గురం పెద్దవాళ్ళం కలిసి నాలుగేళ్ళ పిల్లకు నేర్పిన చదువు అది.

చీపురు తీసి ఆ గీతను ఊడ్చేశాను. పిండి పోయినా తడి నేల మీద మరక ఉంటే నీళ్ళు కొట్టి కడిగాను. తరువాత నూలు గదిలోకి పోయి అత్త చేయి పట్టుకుని లేపాను.

“ఇంక గీ గదిల ఎవ్వలు ఉండరు. మంచం వాకిట్ల ఏస్త, గాలి తగిలే కాడ. రెండు వారాలు బిడ్డను ఒళ్ళెకు తీస్కోకు, దూరంకెల్లి మాట్లాడు. దగ్గితే నోటికి గుడ్డ పెట్టుకో. గంతే” అన్నాను.

“ఊరంత చూస్తది బిడ్డా.”

“చూడనీ.”

మంచం వేసి, నీడకు పాత చీర కట్టి, కార్ఖానాలోకి పోయాను. మూల ఉన్న సుత్తె, పట్కారు తీసుకుని మొదటి కిటికీ మొల పట్టుకుని గుంజాను. తుప్పు పట్టి రాలేదు. సుత్తెతో పలకనే కొట్టాను. శ్రీహరి పరుగెత్తుకొచ్చాడు.

“ఏం చేస్తున్నవ్ లత? గాలొస్తే పోగులు తెగుతయ్.”

“తెగనీ. ముడి ఏద్దం.”

పలక ఊడి అవతల సందులో పడింది. ఎనిమిదేళ్ళకు పైగా ఆగిన గాలి ఒక్కసారి దుమ్ము లేపుకుంటూ లోపలికి వచ్చింది. రెండో సాంచా మీద ఒక పోగు తెగింది. ఆ వెంటనే ఇంకొకటి. శ్రీహరి సాంచా ఆపి తెగిన పోగు వైపు చూశాడు, తరువాత తలుపులోంచి వాకిట్లో మంచం మీద కూర్చున్న తల్లి వైపు చూశాడు. నా చేతిలోంచి పట్కారు తీసుకుని రెండో కిటికీ దగ్గరికి పోయాడు.

నేను కూర్చుని పోగుకు ముడి వేశాను. గడపలో రచన నిలబడి ఉంది.

“ఆ గదిల ఇగ ఎవ్వలను పెట్టం” అన్నాను దానితో. “నూలు పెడ్తం.”